తేదీకి కట్టుబడే పని: ఇల్లూ, సంపాదనా రెండూ సాగాలంటే ఏం చేయాలి

మాది నల్లగొండ, రామగిరి. ఇంట్లో అత్తమ్మ, మా ఆయన, ఇద్దరు పిల్లలు, నేను. ఆరేళ్లుగా ఇంట్లో కూర్చునే ఊళ్లోని పద్నాలుగు దుకాణాలకు లెక్కలు రాస్తున్నాను, జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. అంతకు ముందు మూడేళ్లు హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకు రోజూ అప్ అండ్ డౌన్ చేశాను. ఈ మధ్య గల్లీలో, పెళ్లిళ్లలో, పాలమూరులో ఉండే మా ఆడబిడ్డ ఇంటికి పోయినప్పుడు కూడా ఒకటే మాట వినిపిస్తోంది: "ఇంట్ల ఉండి చేసుకునే పని ఏమన్న ఉంటే చెప్పక్కా." పని పేరు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ పని ఇంట్లో నిలబడాలంటే ముందు ఏం సర్దుకోవాలి, ఎవరితో ఏం మాట్లాడాలి, ఎంత అడగాలి అన్నది తెలుసుకోవడానికే నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు మీకు మిగలాలని వరుసగా రాస్తున్నాను. మగవాళ్లు కూడా చదవండి, మూడో మెట్టులో సగం పని మీదే.

1. ముందు ఒక వారం రాయండి

పని వెతకడం తర్వాత. పిల్లల పాత నోటుబుక్కుల్లో ఖాళీ పేజీలు మిగిలి ఉంటాయి కదా, ఏడు పేజీలు చింపి, రోజుకు ఒక పేజీ పెట్టి, లేచినప్పటి నుంచి పడుకునే దాకా అరగంటకో గీత గీసి, ఆ అరగంటలో ఏం చేశారో రాయండి. చేయాలనుకున్నది రాయొద్దు, చేసిందే రాయండి.

నాది ఇలా వచ్చింది. ఐదున్నరకు వాకిలి ఊడ్చి చల్లడం, మా గల్లీకి నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి వచ్చిన రోజు డ్రమ్ములు నింపుకోవడం, ఏడింటికి రెండు బాక్సులు, ఎనిమిదింబావుకు స్కూలు ఆటో, తొమ్మిదింటికి మా ఆయన వెళ్లడం, ఆ తర్వాత అత్తమ్మకు టిఫిను, బీపీ గోళీ, బట్టలు, బోళ్లు. పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు రెండు గంటలు ఖాళీ. మళ్లీ రెండున్నర నుంచి నాలుగు వరకు గంటన్నర. మొత్తం మూడున్నర గంటలే. రాయకముందు ఎవరైనా అడిగితే రోజుకు ఆరేడు గంటలు దొరుకుతాయనే చెప్పేదాన్ని, ఆ లెక్క నమ్ముకునే మొదట్లో ఇరవై రెండు దుకాణాలు ఒప్పుకొని రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. పొద్దున లేచి పిల్లల మీద అరిచేదాన్ని. తప్పు వాళ్లది కాదు, నా లెక్కది.

ఆ ఏడు పేజీల్లో రెండు చూడండి. తెగకుండా గంటన్నర దొరికే ముక్కలు ఎన్ని ఉన్నాయి? పావుగంట ముక్కలు పది ఉన్నా వాటిలో లెక్కలూ చేయలేం, కుట్టూ కుట్టలేం. రెండోది, మీరే చేయాల్సిన పనులు ఏవి, ఎవరైనా చేయగలిగినా మీ మీద పడినవి ఏవి? రెండో రకం వాటి కింద పెన్సిల్‌తో గీత గీయండి, ఆ గీతలు మూడో మెట్టులో కావాలి. రాత్రి పిల్లలు పడుకున్నాక దొరికే గంటను మాత్రం దయచేసి లెక్కలో వేయకండి. అది ఆపద వచ్చిన రోజుకు దాచుకునే గంట.

2. ఆ పని గంటకు కట్టుబడిందా, తేదీకి కట్టుబడిందా?

ఏ పని ఎంచుకున్నా నేను ముందు అడిగేది ఇదే. గంటకు కట్టుబడిన పని అంటే ఫలానా వేళకు మీరు అక్కడ ఉండి తీరాలి. తేదీకి కట్టుబడిన పని అంటే ఫలానా రోజుకు పూర్తయితే చాలు, ఎప్పుడు కూర్చున్నారన్నది మీ ఇష్టం. పిల్లలు చిన్నగా ఉన్న ఇంట్లో, మంచాన ఉన్న పెద్దవాళ్లున్న ఇంట్లో నిలబడేది రెండో రకమే.

చాలామంది ముందు ట్యూషన్లు అనుకుంటారు. మంచి పనే, కానీ ట్యూషన్ వేళ సాయంత్రం ఐదు నుంచి ఏడు, సరిగ్గా మన పిల్లలు బడి నుంచి ఆకలితో వచ్చే వేళ. ఊళ్లో పిల్లలందరికీ లెక్కలు చెప్పి మన పిల్లాడి హోంవర్క్ రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఫోన్ మీద కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలూ అంతే, లైన్‌లో ఉండగా బెల్ కొడితే లేవలేం. లెక్కలు రాయడం, బట్టలు కుట్టడం, డీటీపీ, అనువాదం, పచ్చళ్లు, సకినాలు ఆర్డర్ మీద చేయడం, ఇవన్నీ తేదీకి కట్టుబడినవి. తిండి పదార్థాలు అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ (సర్కారు ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, అది మర్చిపోకండి.

మా ఆడబిడ్డ మహబూబ్‌నగర్‌లో జాకెట్లు కుడుతుంది, మగ్గం వర్క్ కూడా చేస్తుంది. మొదట్లో ఎవరు ఎప్పుడొస్తే అప్పుడు కొలతలు తీసుకొని, "ఎప్పుడిస్తవ్ వదినా" అంటే "రెండ్రోజులల్ల" అనేది. వాళ్లు రెండో రోజు వచ్చి కూర్చునేవాళ్లు, ఆమె వంట ఆపి కుట్టేది. ఇప్పుడు కొలతలు ఉదయం పదకొండు నుంచి పన్నెండు మధ్యనే తీసుకుంటుంది, చిన్న చీటీ మీద తేదీ రాసి గుడ్డకు పిన్నీసుతో గుచ్చుతుంది, అదే తేదీ కస్టమర్ ఫోన్‌కు పంపుతుంది. మామూలు జాకెట్‌కు వారం, వర్క్ ఉంటే పదిహేను రోజులు. పెళ్లిళ్ల నెలల్లో ఇంకా ఆలస్యపు తేదీ ఇస్తుంది కానీ ఇచ్చిన తేదీ తప్పదు. చీటీ గుచ్చడం మొదలుపెట్టాక ఒక్క కస్టమర్ కూడా తగ్గలేదు.

మన దగ్గర ఇదేం కొత్త కాదు. పుట్టపాకలో, పోచంపల్లిలో ఆడవాళ్లు ఇంట్లోనే చిటికి కడతారు, అంటే రంగు అద్దేముందు నూలుకు ముడులు వేస్తారు, గద్వాలలో, నారాయణపేటలో మగ్గం ఇంటి మధ్యలోనే ఉంటుంది. ఇన్ని రోజుల్లో ఇన్ని చీరలు అన్నదే లెక్క. కాకపోతే చాలా ఇళ్లల్లో మజూరీ ఇంటి పెద్ద చేతికి వస్తుంది, ఆమె కట్టిన చిటికి ఆమె పేరు మీద ఎక్కడా ఉండదు. ఆ సంగతి నన్ను చాలా బాధపెడుతుంది. అందుకే డబ్బు గురించి రాసేటప్పుడు ఖాతా మాట గట్టిగా చెప్పాను, అక్కడ చూడండి.

తేదీతో పాటు ఇంకొకటి. ఆ పని మూడేళ్లు చేస్తే ఇప్పుడు మీకు రానిది ఏదైనా వస్తుందా? నేను మొదలుపెట్టినప్పుడు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేయడమే వచ్చు. ఇప్పుడు ఒక సిమెంటు డీలర్ కొత్త బ్రాంచి పెట్టాలంటే ముందు నన్ను కూర్చోబెట్టి అడుగుతాడు. ఆ తృప్తి పైసలతో వచ్చేది కాదు, అది లేకపోతే ఇంటి పని పక్కన ఇంకో చాకిరీ చేరినట్టే అవుతుంది. డిగ్రీ మధ్యలో ఆగిపోయి ఉంటే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది, 1982 నుంచి ఇంట్లో ఉండి చదివేవాళ్ల కోసమే నడుస్తోంది. కేంద్ర సర్కారు వాళ్ల స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే ఫీజు. నేను శనివారం మధ్యాహ్నం గంటన్నర చదువుకే పెట్టుకున్నాను.

"ఇంటి నుంచి డేటా ఎంట్రీ, నెలకు ముప్పై వేలు" అని ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు నమ్మకండి. పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ కట్టమన్నాడంటే అక్కడితో ఆపేయండి.

3. ఇంట్లో నోరు తెరిచి మాట్లాడండి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. మనం ఏం అనుకుంటామంటే, ఇంట్లోనే ఉన్నాం కదా, చూస్తున్నారు కదా, వాళ్లే అర్థం చేసుకుంటారు అని. చేసుకోరు. వాళ్లకు కనిపించేది ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కోడలు మాత్రమే.

మా అత్తమ్మ మొదటి ఏడాది నేను కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడిగేది. ఒకరోజు అననే అన్నది, "గా డబ్బ ముంగట కూసుంటే పైసలొస్తయా బిడ్డా?" నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, కానీ ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగానే తెలియక అడిగింది. ఆ రోజు పని ఆపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ప్రకాశం బజార్‌లో ఆమె ఎప్పుడూ చీరలు కొనే దుకాణం బిల్లుల సంచి మంచం మీద పోసి, ఇవి కొన్నవి, ఇవి అమ్మినవి, ఈ రెంటికీ మధ్య సర్కారుకు కట్టాల్సింది ఇంత, అది నేను సరిగ్గా లెక్క తీయకపోతే ఆ సేటుకు రోజుకు ఇంత దండుగ పడుతుంది అని చూపించాను. ఆమె రెండు మూడు బిల్లులు చేతిలోకి తీసుకొని, అద్దాలు పెట్టుకొని, ఆ దుకాణం పేరు చదివింది. మర్నాడు పక్కింటావిడ కరివేపాకు కోసం వస్తే నాకు వినిపించింది, "మా కోడలు పని మీద కూసున్నది, పన్నెండున్నరకు రా." ఆ మాట నేను వంద సార్లు చెప్పినా రాని గౌరవం ఆమె ఒక్కసారి చెబితే వచ్చింది. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లకు పని చూపించండి, చెప్పడం కాదు, ముందు పెట్టి చూపించండి.

భర్తతో మాట్లాడేటప్పుడు "కొంచెం సాయం చేయొచ్చు కదా" అని అడగకండి. సాయం అంటే చేస్తే చేసినట్టు, లేకపోతే లేదు. మొదటి మెట్టులో పెన్సిల్ గీతలు పెట్టిన పనులు బయటికి తీసి, వీటిలో ఏవి నీవి అని అడగండి. మా ఇంట్లో సాయంత్రం పిల్లల హోంవర్క్, నల్లా వచ్చిన రోజు డ్రమ్ములు, అత్తమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడం, కూరగాయలు మా ఆయనవి. ఆయనవి అంటే గుర్తుచేయడం కూడా నా పని కాదు. మొదటి నెల డ్రమ్ములు రెండుసార్లు నిండలేదు. నేను లేచి నింపలేదు, చాలా కష్టంగా అనిపించింది, అయినా ఆగాను. మూడోసారి నుంచి ఆయనే అలారం పెట్టుకున్నారు. చదువుతున్న అన్నలకు ఒక మాట: మీ భార్య చేతిలో పని తీసుకున్నప్పుడు ఆమె చేసినట్టే చేయాలని లేదు, మీ పద్ధతిలో చేయండి, కానీ పూర్తిగా చేయండి.

పిల్లలకు గడియారం చూపించండి. చిన్న ముల్లు నాలుగు మీదికి వచ్చేదాకా అమ్మ పనిలో ఉంటుంది, ఆ తర్వాత అమ్మ నీది. రెండో సగం తప్పకూడదు. నాలుగు తర్వాత ఫోన్ మోగినా ఎత్తను, సేటులందరికీ అది తెలుసు.

4. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే వెంటనే మానేయకండి

నేను మానేశాను. మా బాబుకు జ్వరం వచ్చిన రోజు, ఏడుస్తూ, మేనేజర్ ముందు నిలబడి "ఇంటి నుంచి చేసుకోనివ్వండి" అని నోటితో అడిగాను. "చూద్దాం" అన్నారు, మళ్లీ ఎవరూ చూడలేదు, రెండు నెలల తర్వాత రాజీనామా ఇచ్చాను. ఇప్పుడైతే అలా అడగను. ఇల్లు ప్రశాంతంగా ఉన్న రోజు చూసుకొని మెయిల్ రాస్తాను: "వచ్చే నాలుగు వారాలు సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి చేస్తాను. ఆ రెండు రోజుల్లో ఫలానా ఫలానా పనులు సాయంత్రం ఐదు లోపు పూర్తి చేసి పంపుతాను. నాలుగో వారం చివర కలిసి చూద్దాం, పనిలో తేడా వస్తే ఆపేద్దాం." అడగాల్సింది రోజులు, పనులు, గడువు. మన కష్టం ఎంత నిజమైనా మెయిల్‌లో అది పనిచేయదు.

బిడ్డ కోసం సెలవు తీసుకోబోయేవాళ్లు హక్కులు తెలుసుకొని అడగండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలైంది, అందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించకుండా వాడుకోవచ్చు. కాన్పు తేదీకి ముందు ఏడాదిలో కనీసం 80 రోజులు అక్కడ పనిచేసి ఉండాలి. మూడో బిడ్డకైతే 12 వారాలు. సెలవు అయిపోయాక, పని తీరు ఒప్పుకుంటే, ఇద్దరూ మాట్లాడుకొని కొంతకాలం ఇంటి నుంచి చేసే ఏర్పాటుకు కూడా చట్టంలో చోటుంది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పిల్లలను చూసుకునే క్రెష్ ఉండాలి. కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి కొనసాగాయి.

మానేసినా పీఎఫ్ మొత్తం తీసేసుకోకండి. పదేళ్ల సర్వీసు నిండితేనే పీఎఫ్‌తో పాటు ఉండే పింఛనుకు అర్హత వస్తుంది, రేపు ఇంకో ఉద్యోగంలో చేరితే పాత సర్వీసు దానికి కలుపుకోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లే కాబట్టి వారంలో రెండు మూడు రోజులు వెళ్లి మిగతావి ఇంటి నుంచి చేయడం మనకు కుదిరే పద్ధతే. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, నా రోజుల్లో జీతంలో పెద్ద ముక్క పాస్‌కే పోయేది. మహబూబ్‌నగర్ వాళ్లైతే దివిటిపల్లి ఐటీ టవర్‌లో ఏవైనా ఖాళీలు ఉన్నాయేమో కూడా కనుక్కోండి.

5. ఎంత అడగాలి

ఆఫీసులో నా జీతం 22,000. పొద్దున ఆరింటికి బయలుదేరి రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికి చేరేదాన్ని, అంటే రోజుకు పద్నాలుగున్నర గంటలు, నెలకు 26 రోజులకు 377 గంటలు. భాగించి చూస్తే గంటకు 58 రూపాయలు. ఇప్పుడు పద్నాలుగు దుకాణాలకు సగటున నెలకు 1,200 చొప్పున 16,800 వస్తుంది, ఒక్కో దుకాణానికి సగటున ఐదు గంటలు, మొత్తం 70 గంటలు. గంటకు 240. చేతికి వచ్చేది తగ్గింది, అది దాచను, మొదటి ఏడాది చాలా ఇబ్బంది పడ్డాం కూడా. కానీ గంట విలువ నాలుగింతలు పెరిగింది, మిగిలిన గంటలు ఇంట్లో ఉన్నాయి.

మీరూ ఇలాగే చేయండి. ఒక ఆర్డర్‌కు నిజంగా ఎన్ని గంటలు పడుతుందో మూడు సార్లు గడియారం పెట్టి చూడండి, మీ గంటకు ఒక రేటు పెట్టుకోండి, అది గుణించి అడగండి. "ఇంట్లోనే ఉంటావు కదా" అని తగ్గించమంటారు. ఇంట్లో ఉన్నా కరెంటు, నెట్టు, మెదడు ఖర్చవుతాయి. చుట్టాలకు ఉచితంగా చేయొద్దు, మరీ మొహమాటమైతే మొదటి నెల మాత్రం చేసి, అది మొదటి నెల మాత్రమేనని అప్పుడే చెప్పండి. మొహమాటానికి పోయి మా దూరపు బావగారికి ఏడాదిన్నర ఊరికే రాశాను, అడిగిన రోజు ఆయన ఏమీ అనకుండా ఇచ్చారు, అంతకాలం అడగనిది నేనే.

డబ్బు మీ పేరు మీద ఉన్న ఖాతాలోనే పడాలి. ఇంటి ఖర్చులకు అందులోంచి ఇవ్వండి, కానీ ముందు అందులో పడాలి. ఉద్యోగంలో పీఎఫ్ కట్ అయినట్టు ఇక్కడ ఎవరూ కోయరు కాబట్టి పోస్టాఫీసులో పీపీఎఫ్ (దీర్ఘకాలం దాచుకునే ఖాతా) తెరిచి, ఏడాదికి కనీసం 500 కట్టినా నడుస్తుంది, వీలైనంత వేసుకోండి.

కాగితాల సంగతి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ సర్కారు పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు, దానికి వెయ్యి రెండు వేలు అడిగేవాళ్లకు ఇవ్వకండి. సేవల పనిలో ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మామూలుగా మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కుట్టు మిషనో, కంప్యూటరో కొనాలంటే ముద్ర శిశు లోన్ 50,000 వరకు ఉంది. మహిళా సంఘంలో ఉన్నవాళ్లు ముందు స్త్రీనిధి అప్పుల గురించి సంఘంలోనే అడగండి.

6. నెలను ముందే గీసి పెట్టుకోండి

నా పనిలో రెండు తేదీలు దేవుడి తేదీల్లాంటివి. నెలనెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు ఇచ్చే రిటర్న్) పదకొండో తారీఖు, 3బి (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) ఇరవయ్యో తారీఖు. తప్పితే 3బికి రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. రెండో ఏడాది ఒక ఇరవయ్యో తారీఖు రాత్రి మా బాబుకు 102 జ్వరం, కరెంటు లేదు, రెండు దుకాణాల రిటర్నులు ఆగిపోయాయి. తడిగుడ్డ మారుస్తూ మధ్యలో ఫోన్‌లో పోర్టల్ తెరిచి చూస్తూ గడిపిన రాత్రి అది. లేటు ఫీజు నేనే కట్టాను. ఆ రాత్రి పిల్లాడి పక్కన ఉండి కూడా పూర్తిగా లేను, ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

అప్పటి నుంచి 3బికి నా గడువు 15. సేటులు ఐదో తారీఖు లోపు బిల్లులు పంపాలి. "ఐదు దాటితే ఈ నెల దండుగ నా మీద పెట్టొద్దు సేటూ" అని ముందే చెప్పేశాను. బిల్లుల సంచి రాగానే ముందు థర్మల్ కాగితం బిల్లులు వేరు చేసి ఫొటో తీస్తాను, అవి తొందరగా తెల్లబడిపోతాయి. రిటర్న్ వేసేటప్పుడు ఓటీపీ సేటు ఫోన్‌కు వెళ్తుంది, కొద్ది నిమిషాలే పనిచేస్తుంది, కాబట్టి ఆయన గల్లాపెట్టె దగ్గర కుదురుగా ఉండే వేళ, అంటే పదకొండు ప్రాంతంలో ఫోన్ చేస్తాను. పొద్దున దుకాణం తెరిచే హడావిడిలో చేస్తే రెండు మూడు సార్లు మళ్లీ మళ్లీ పంపాల్సి వస్తుంది. మీ పనిలో ఇలాంటి ముడి ఏదో ఒకటి ఉంటుంది, అది ఎవరి చేతిలో ఉందో, వాళ్లు ఎప్పుడు దొరుకుతారో చూసి మీ గంటలు దాని చుట్టూ పెట్టుకోండి. ఐదు కోట్ల లోపు టర్నోవర్ వాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, అలా ఆరు దుకాణాలను అందులోకి మార్చుకున్నాక నెలల బరువు సర్దుకుంది.

క్యాలెండర్ మీద పని తేదీలు ఎర్ర పెన్నుతో, ఇంటి తేదీలు నీలం పెన్నుతో రాయండి. నీలంలో పిల్లల పరీక్షలు, టీకాలు, అత్తమ్మ చెకప్, చెర్వుగట్టు జాతర, పాలమూరు వాళ్లైతే కురుమూర్తి జాతర, బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా సెలవులు అన్నీ జనవరిలోనే రాసేయాలి. ఎరుపూ నీలమూ ఒకే గడిలో పడిన చోట నెల ముందే సర్దుకోవచ్చు. 2025లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 20నే వచ్చింది, 3బి చివరి రోజే. గడువు 25 వరకు పొడిగించారు కానీ ఆ కబురు పండుగ ముంగిట్లో వచ్చింది. మాకు 15కే అయిపోయింది కాబట్టి ఆ రోజు నేను గారెలు వేస్తూ ఉన్నాను, పిల్లలు డాబా మీద దీపాలు పెట్టారు.

7. మీరు పడిపోయిన రోజు ఎవరు చూస్తారు?

ఒక్కరైనా ఉండాలి. సూర్యాపేటలో నాలాంటి పనే చేసే ఒక అక్క ఉంది, మేమిద్దరం మాట్లాడుకున్నాం, ఒకరు మంచాన పడితే ఇంకొకరు ఆ నెల రిటర్నులు వేయాలి, ఆ నెల డబ్బు వాళ్లకే. సేటులకు ఆమె పేరు, నంబరు ముందే ఇచ్చి వాళ్లను ఒప్పించాను. ఆరేళ్లలో రెండుసార్లు అవసరం పడింది, ఒకసారి నాకు, ఒకసారి ఆమెకు. కుట్టు పనిలో ఉన్నవాళ్లు పక్క గల్లీ టైలర్‌ను పోటీగా చూడకుండా ఇలా కలుపుకోండి.

ఇంటి వైపు కూడా ఒకరు కావాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుంటే అంగన్‌వాడీకి పంపడానికి నామోషీ పడకండి, మా బాబు అక్కడే పాటలు నేర్చుకున్నాడు, నా పొద్దుటి రెండు గంటలు అక్కడే పుట్టాయి. చోటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, గోడ వైపు తిరిగి కూర్చోగలిగే ఒక టేబుల్, ఇన్వర్టర్, బిల్లులకు తాళం వేసుకునే ఒక అర చాలు. మంచం మీద కూర్చొని మాత్రం చేయకండి, నడుము నొప్పికి రెండు నెలలు డాక్టర్ చుట్టూ తిరిగాను.

8. జూన్‌లో మళ్లీ ఏడు పేజీలు

మన దగ్గర జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు. బడి తెరిచాక రెండో వారం మళ్లీ ఏడు పేజీలు చింపి మొదటి మెట్టు మళ్లీ చేయండి, ఎందుకంటే పిల్లలు ఒక తరగతి పైకి వెళ్లేసరికి ఇంటి వేళలన్నీ మారిపోతాయి. నిరుడు రాసినప్పుడు బాబు తనంతట తాను స్నానం చేసి తయారవుతున్నాడని, పొద్దున ఇరవై నిమిషాలు మిగులుతున్నాయని కాగితం మీదే చూశాను. పాప ఆరో తరగతికి వచ్చింది, సాయంత్రం దానికి కూర కంటే నాతో కూర్చొని మాట్లాడడం ఎక్కువ కావాలని కూడా అందులోనే తెలిసింది. ఒక కొత్త దుకాణం ఒప్పుకోవాలా వద్దా అని అప్పుడు ఆలోచిస్తున్నాను, ఆ సేటు బాగానే ఇస్తానన్నాడు. పేజీలు చూసి వచ్చే ఏడాది చెప్తానన్నాను.